రివిజన్ సర్జరీ తర్వాత తిండి, బరువు: మొదటి గుక్క నుంచి రెండో ఏడాది దాకా

బరువు తగ్గేందుకు ఒకసారి ఆపరేషన్ అయ్యాక, తగ్గిన బరువు మళ్లీ పెరిగిందనో, ఛాతీలో మంట భరించలేకో, పొట్ట పైభాగానికి చుట్టిన బ్యాండ్ జారిందనో రెండోసారి ఆపరేషన్ (రివిజన్ సర్జరీ) చేయించుకునేవాళ్లకు తిండి నియమాలు కొత్త కాదు. ముందు ద్రవాలు, తర్వాత మెత్తటివి, ఆపైన గట్టివి. ప్రొటీన్ ముందు, నీళ్లు విడిగా. అంతా విన్నదే. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. తెలిసినదంతా పాత ఆపరేషన్ నేర్పింది, ఇప్పుడు లోపల పొట్ట, పేగుల అమరిక వేరు. పాత అలవాట్లలో కొన్ని పనికిరావు, కొన్ని హాని చేస్తాయి. ఇక్కడ చెప్పే పరిమాణాలు పెద్దలకు సాధారణంగా సూచించేవి. మీ సర్జన్, డైటీషియన్ రాసిచ్చిన కాగితంలో వేరుగా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి.

మొదటి మెట్టు: ఏ అమరిక నుంచి ఏ అమరికకు మారారో తెలుసుకోండి

డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆపరేషన్ నోట్ కాపీ అడిగి తీసుకోండి. అందులో చూడాల్సినవి నాలుగు. కొత్త అమరిక పేరేంటి, పొట్ట సంచి ఎంత ఉంచారు, ఆహారమూ జీర్ణరసాలూ కలిసి ప్రయాణించే పేగు ఎంత పొడవు మిగిలింది, పిత్తాశయం ఉందా తీసేశారా. ఇకపై తినాల్సిన ప్రొటీన్, వేసుకోవాల్సిన మాత్రలు వీటిని బట్టే ఉంటాయి.

బ్యాండ్ తీసేసి స్లీవ్‌కో (పొట్టను సన్నటి గొట్టంలా కోసి ఉంచడం) బైపాస్‌కో (పొట్టలో చిన్న సంచిని ఉంచి నేరుగా చిన్నపేగుకు అతికించడం) మారినవాళ్లు ముందు తమ నోటి అలవాటును గమనించుకోవాలి. బ్యాండ్ బిగుతుగా ఉన్నన్నాళ్లూ మాంసం ముక్క, రొట్టె అడ్డుపడతాయి. ఐస్‌క్రీమ్, చాక్లెట్, బిస్కెట్లు, చిప్స్ మాత్రం సులువుగా జారిపోతాయి. ఏళ్ల తరబడి ఇలా గడిస్తే మనిషి తనకు తెలియకుండానే జారిపోయేవాటికి మరిగిపోతాడు. అడ్డుపడితే కక్కేసి మళ్లీ తినడం కూడా మామూలైపోతుంది. కొత్త అమరికలో వాంతి మామూలు విషయం కాదు. అలాగే బ్యాండ్ దగ్గర పట్టేసినట్టు ఉంటేనే కడుపు నిండినట్టు లెక్క అనుకునేవాళ్లు ఇప్పుడు ఆ గుర్తు కోసం ఎదురుచూస్తే ఎక్కువ తినేస్తారు.

స్లీవ్ నుంచి బైపాస్‌కు మారినవాళ్లకు తీపి విషయంలో తేడా తెలుస్తుంది. స్లీవ్ ఉన్నప్పుడు ఏమీ చేయని తీపి, ఇప్పుడు నేరుగా చిన్నపేగులోకి దిగి డంపింగ్ (తిన్న కాసేపటికే గుండెదడ, చెమట, విరేచనం) తెప్పించవచ్చు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు బైపాస్ అతుకు దగ్గర పుండు పుట్టిస్తాయి. పొగ తాగడమూ అంతే. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చు, మోతాదు మాత్రం డాక్టర్ చెప్పినంతే.

స్లీవ్ నుంచి చిన్నపేగులో ఎక్కువ భాగాన్ని దాటవేసే డ్యుయోడినల్ స్విచ్‌కో, అదే పనిని ఒకే అతుకుతో చేసే సాడీ పద్ధతికో మారినవాళ్లకు తినగలిగే పరిమాణం పెద్దగా మారకపోవచ్చు. మారేది ఒంటికి పట్టేది. తిన్న కొవ్వులో, ప్రొటీన్‌లో, విటమిన్లలో కొంత ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. బైపాస్ చేసినవాళ్లకు దాటవేసే పేగు పొడవు ఇంకా పెంచినా ఇదే పరిస్థితి. ఈ రకాల్లో విటమిన్, ఖనిజాల మాత్రలు మానేయడమంత ప్రమాదం ఇంకొకటి లేదు. ఎండోస్కోపీతో బైపాస్ అతుకును కుట్లు వేసి బిగించినవాళ్లకు పేగుల్లో కొత్తగా మారింది ఏమీ లేదు. వాళ్లకు కడుపు త్వరగా నిండటం ఒక్కటే తిరిగి వస్తుంది.

రెండో మెట్టు: ఆపరేషన్‌కు ముందే చేయాల్సిన పని

బరువు మళ్లీ ఎందుకు పెరిగిందో తేలకుండా రివిజన్‌కు వెళ్తే అదే కారణం రెండోసారీ పనిచేస్తుంది. ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే లోపలి అమరికలో లోపం చూపిస్తాయి. సంచి సాగడం, అతుకు వెడల్పవడం, పాత పొట్టకూ కొత్త సంచికీ మధ్య దారి ఏర్పడటం లాంటివి. అలవాట్లను చూపించేది మాత్రం మీ నోటు పుస్తకమే. వారం పాటు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాయండి. టైమ్, ఎంత, అప్పుడు ఆకలేసిందా లేక ఊరికే తిన్నారా. వంట చేస్తూ రుచి చూసినది, పిల్లల పళ్లెంలో మిగిలినది, పాలూ చక్కెరా వేసిన కాఫీ కూడా రాయాలి. చాలామందికి భోజనాల్లో తప్పు కనబడదు, మధ్యలో దొరుకుతుంది.

వాడుతున్న మందుల జాబితా కూడా డాక్టర్ ముందు పెట్టండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక ఆరోగ్య మందులు బరువు పెంచుతాయి. వాటిని మీ అంతట మీరు మానకూడదు, బదులు ఏదైనా ఉందేమో అడగాలి.

మొదటి ఆపరేషన్ అయి ఏళ్లయినవాళ్లకు ఐరన్, బీ12, విటమిన్ డి ఇప్పటికే తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. రక్తపరీక్ష చేయించి ఆ లోటు ముందే పూడ్చుకోవాలి. ఆపరేషన్ అయ్యాక పూడ్చడం కష్టం. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు తక్కువ పిండిపదార్థాలతో ఉండే ఆహారం ఇస్తే, అది కాలేయాన్ని చిన్నది చేసి సర్జన్‌కు చోటు ఇవ్వడానికి. షుగర్ మందులు వాడేవాళ్లు ఈ రెండు వారాల్లో మోతాదు తగ్గించుకోవాల్సి రావచ్చు, ముందే అడగండి.

మూడో మెట్టు: మొదటి ఎనిమిది వారాలు

మొదటి ఒకటి రెండు రోజులు పలుచని ద్రవాలే. మందు కొలిచే చిన్న కప్పు తీసుకోండి. అందులో 30 మి.లీ. పోసి, పదిహేను నిమిషాల్లో చిన్న గుక్కలుగా తాగండి. మెలకువగా ఉండే 14 గంటలూ ఇలా తాగితే రోజుకు 1,680 మి.లీ. అవుతుంది. రోజుకు కనీసం 1.5 లీటర్లు అన్న లక్ష్యం దాటినట్టే. మొదటి రోజే అంత కుదరదు, పర్వాలేదు. మూత్రం ముదురు పసుపు రంగులో ఉన్నా, నిలబడితే కళ్లు తిరిగినా నీళ్లు సరిపోవడం లేదని అర్థం. బీపీకి మూత్రం ఎక్కువ చేసే మాత్ర వాడుతుంటే అది కొనసాగించాలో లేదో ముందే తేల్చుకోండి.

రెండో వారం చివరి దాకా పాలు, పలుచటి పెరుగు, వడకట్టిన సూప్, ప్రొటీన్ పొడి కలిపిన పానీయం. మూడు, నాలుగు వారాల్లో ముద్దగా చేసినవి. ఐదు, ఆరు వారాల్లో ఫోర్కుతో నొక్కితే చితికేంత మెత్తటివి. ఏడు, ఎనిమిది వారాల నుంచి మామూలు ఆహారం, ఒక్కోసారి ఒక్కో కొత్త పదార్థం చొప్పున.

మొదటిసారి కంటే ఇక్కడ ఓపిక ఎక్కువ కావాలి. ఒకసారి కోసి కుట్టిన చోట గట్టిపడిన కణజాలం ఉంటుంది, దానికి రక్తం అందడం తగ్గుతుంది. అందుకే రివిజన్‌లో అతుకు దగ్గర లీక్ అయ్యే ప్రమాదం మొదటి ఆపరేషన్ కంటే ఎక్కువ. "పోయినసారి మూడో వారంలోనే గుడ్డు తిన్నాను, ఏమీ కాలేదు" అన్న లెక్క ఇక్కడ చెల్లదు. కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, పెరుగుతూ పోయే కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం. వీటిలో ఏది కనబడ్డా ఫోన్ చేసి అడుగుతూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మూడో వారానికో నాలుగో వారానికో వాపు తగ్గుతుంది. అప్పుడు తినగలిగే పరిమాణం ఒక్కసారిగా పెరిగినట్టు, ఆకలి తిరిగి వచ్చినట్టు అనిపిస్తుంది. ఒకసారి దెబ్బతిన్నవాళ్లు కాబట్టి "ఇదీ ఫెయిలైపోయింది" అని బెంబేలెత్తుతారు. కాలేదు. ద్రవాలు, ముద్దలు ఎప్పుడూ త్వరగానే దిగిపోతాయి. కడుపు నిండుగా ఉండటం ఎలా ఉంటుందో గట్టి ఆహారం మొదలయ్యాకే తెలుస్తుంది.

నాలుగో మెట్టు: ఒక పూట ఎలా తినాలి

ఐదో వారంలో మొదటిసారి గుడ్డు తింటున్నారనుకోండి. ఒకే గుడ్డును కొద్దిగా పాలు పోసి, తడి ఆరకుండా, మెత్తటి పొరటులా చేయాలి. చిన్న పళ్లెం, టీ స్పూను. స్పూను చివర వేలిగోరులో సగమంత తీసుకుని, నోట్లో నీళ్లలా అయ్యేదాకా నమలాలి. మింగాక స్పూను కింద పెట్టేయాలి. స్పూను చేతిలోనే ఉంటే తర్వాతి ముద్ద తయారైపోతుంది, చెయ్యి ఆగదు. ఒక నిమిషం ఆగి మళ్లీ. ఆరేడు ముద్దల తర్వాత రొమ్ము ఎముక కింద కాస్త ఒత్తిడి, ఒక ఎక్కిళ్లు, ముక్కు కారడం, లేదా గట్టి నిట్టూర్పు వస్తుంది. అదే నిండిన గుర్తు. సగం గుడ్డు మిగిలినా సరే, ఆపేయాలి. ఇంకొక్క ముద్ద తింటే నొప్పో వాంతో ఖాయం.

పూటకు 20 నుంచి 30 నిమిషాలు. అరగంట దాటితే పళ్లెం తీసేయాలి. మిగిలినది దగ్గర పెట్టుకుని గంటసేపు కొద్దికొద్దిగా తినడం, కాసేపాగి మళ్లీ తినడం కూడా చిరుతిండి కిందికే వస్తాయి. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగాలి. నీళ్లు తిన్నదాన్ని త్వరగా కిందికి తోసేస్తాయి, గంటలోనే మళ్లీ ఆకలి అనిపిస్తుంది.

పొడిగా ఉన్న చికెన్, మళ్లీ వేడిచేసిన మాంసం, కొత్త రొట్టె, ముద్దగా అంటుకునే అన్నం ఎక్కువగా అడ్డుపడతాయి. మాంసాన్ని పులుసుతోనో పెరుగుతోనో తడిగా ఉంచితే దిగుతుంది. ఒక పదార్థం పడలేదని దాన్ని శాశ్వతంగా వదిలేయకండి. రెండు వారాలాగి మళ్లీ ప్రయత్నించండి. బ్యాండ్ నుంచి మారినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మాంసం పడదని వదిలేస్తే ఆ ఖాళీలోకి బిస్కెట్లే వస్తాయి.

పరిమాణం మొదట పూటకు రెండు మూడు టేబుల్ స్పూన్లు. మూడు నెలలకు అర కప్పు, ఏడాదికి కప్పు దగ్గరకు వస్తుంది. రోజుకు మూడు పూటలు, మధ్యలో ఒకటో రెండో టైమ్ పెట్టుకున్న ప్రొటీన్ విడతలు. ఆ టైమ్ కానప్పుడు నోరు ఆడకూడదు. రివిజన్ దాకా వచ్చినవాళ్లలో బరువు వెనక్కి తెచ్చేది పెద్ద భోజనాల కంటే, టీవీ ముందు, ఆఫీసు బల్ల దగ్గర ఊరికే నోట్లో వేసుకునే ఈ చిరుతిళ్లే. చిన్న పొట్ట వీటిని ఆపలేదు. ఒక గంటలో నాలుగు బిస్కెట్లు, తర్వాతి గంటలో మరో నాలుగు, ఏ పొట్టయినా పట్టించుకోదు.

ఐదో మెట్టు: ప్రొటీన్ లెక్క

రోజుకు కనీసం 60 గ్రాములు. మీ ఎత్తుకు తగ్గ ఆరోగ్యకరమైన బరువు ప్రకారం కిలోకు 1.5 గ్రాముల దాకా వెళ్లొచ్చు. డ్యుయోడినల్ స్విచ్, సాడీ, పొడవు పెంచిన బైపాస్ వాళ్లకు 80 నుంచి 120 గ్రాములు కావాలి, ఎందుకంటే తిన్నదంతా ఒంటికి పట్టదు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, వండిన చికెన్ 100 గ్రాముల్లో 30, వండిన చేప 100 గ్రాముల్లో 20 నుంచి 25, పాలు 200 మి.లీ.లో దాదాపు 7, వడకట్టిన గట్టి పెరుగు 100 గ్రాముల్లో 9 లేదా 10, చిక్కగా ఉడికిన పప్పు 100 గ్రాముల్లో 9.

మూడు నెలలు దాటినవాళ్లకు ఒక రోజు ఇలా కుదురుతుంది. పొద్దున రెండు గుడ్లు, మధ్యలో 200 మి.లీ. పాలలో 20 గ్రాముల ప్రొటీన్ ఉన్న పొడి, మధ్యాహ్నం 75 గ్రాముల చేప, రాత్రి 60 గ్రాముల చికెన్. మొత్తం 70 దాటుతుంది. శాకాహారులకు ఇదే పానీయం, 150 గ్రాముల వడకట్టిన పెరుగు, 100 గ్రాముల పప్పు, 60 గ్రాముల పనీర్ కలిపితే 60 అందుతుంది. అంతకు మించి కావాలంటే రెండో పానీయం లేకుండా కష్టమే. ప్రతి పూటా ప్రొటీన్, తర్వాత కూరగాయలు, చోటుంటే చివర అన్నమో రొట్టో.

ఆరో మెట్టు: మాత్రలు

మోతాదులు మీ రక్తపరీక్షలను బట్టి మారతాయి. సాధారణంగా చెప్పేవి ఇవి. ఐరన్ రోజుకు 45 నుంచి 60 మి.గ్రా., లోటు వచ్చే అవకాశం తక్కువున్న మగవాళ్లకు 18. బీ12 నోటి మాత్రగా 350 నుంచి 1,000 మైక్రోగ్రాములు, లేదా నెలకు 1,000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. విటమిన్ డి3 రోజుకు 3,000 ఐయూతో మొదలుపెట్టి, రక్తంలో మి.లీ.కు 30 నానోగ్రాములు దాటేదాకా. కాల్షియం స్లీవ్, బైపాస్ వాళ్లకు 1,200 నుంచి 1,500 మి.గ్రా., డ్యుయోడినల్ స్విచ్ వాళ్లకు 1,800 నుంచి 2,400. థయమిన్ (విటమిన్ బీ1) కనీసం 12 మి.గ్రా., దీంతోపాటు ఫోలేట్, జింక్, కాపర్, విటమిన్ ఎ ఉన్న మల్టీవిటమిన్.

ఏం వేసుకోవాలో అందరికీ తెలుసు, ఎప్పుడు వేసుకోవాలన్న దగ్గరే పొరపాటు. కాల్షియం ఒక్కసారికి 500, 600 మి.గ్రా. మించి ఒంటికి పట్టదు కాబట్టి విడతలుగా పంచాలి. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌ను టీ, కాఫీలతో కలపకూడదు. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో, సిట్రేట్ అయితే ఎప్పుడైనా. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు బైపాస్ తర్వాత సరిగ్గా పనిచేయకపోవచ్చు, పాత మందుల్లో అలాంటివి ఉంటే మార్పించుకోండి. పిత్తాశయం ఉన్నవాళ్లకు వేగంగా బరువు తగ్గే నెలల్లో రాళ్లు రాకుండా అర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్ అనే మందు రాస్తుంటారు.

ఏడో మెట్టు: బరువును ఏ లెక్కన చూడాలి

రివిజన్ తర్వాత బరువు మొదటిసారంత, మొదటిసారంత వేగంగా తగ్గకపోవడమే సహజం. మొదలుపెట్టే బరువే తక్కువ. ఒకసారి బరువు తగ్గిన శరీరం ఖర్చు పెట్టే శక్తి కూడా తగ్గించుకుని ఉంటుంది. ఆకలి హార్మోన్లలో మొదటి ఆపరేషన్ తెచ్చిన మార్పు కొంత అప్పటికే జరిగిపోయింది. సాధారణంగా బ్యాండ్ నుంచి మారినవాళ్లకు ఎక్కువ తగ్గుతుంది, స్లీవ్ నుంచి బైపాస్‌కు మారినవాళ్లకు తక్కువ. ఛాతీ మంట కోసం మారినవాళ్లు బరువు కాటా మీద ఫలితం వెతకడం అన్యాయం.

ఒకరి బరువు మొదటి ఆపరేషన్‌కు ముందు 130 కిలోలు, రివిజన్ నాటికి 110, ఇప్పుడు 92 అనుకుందాం. రివిజన్ నుంచి లెక్కేస్తే 18 కిలోలు, అంటే 110లో 16.4 శాతం. మొదటి నుంచి చూస్తే 38 కిలోలు, 29 శాతానికి పైనే. రెండు లెక్కలూ రాసి పెట్టుకోండి, ఒక్కటే చూస్తే తప్పుడు నిరాశ వస్తుంది.

వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున్నే బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక తూగండి. నెలకోసారి నడుము చుట్టుకొలత. మూడు నుంచి ఐదో వారం మధ్య కాటా కదలకుండా ఆగిపోవడం మామూలే, ఒంట్లో నీళ్లు సర్దుకుంటున్నాయి. ఈ సమయంలో తిండి ఇంకా తగ్గిస్తే కండ పోతుంది. నడక మొదటి రోజు నుంచే, బరువులెత్తడం సర్జన్ అనుమతి ఇచ్చాక, సాధారణంగా ఆరు వారాల తర్వాత. వారానికి 150 నిమిషాల నడక, రెండు మూడు రోజులు కండ బలపడే వ్యాయామం లక్ష్యంగా పెట్టుకోండి.

ఎక్కడ తేడా కొడుతుంది, ఎందుకు

వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే థయమిన్ లోటు వేగంగా వస్తుంది. నడక తూలడం, చూపు రెండుగా కనబడటం, గందరగోళంగా మాట్లాడటం దాని గుర్తులు, ఇది అత్యవసరం. ఆసుపత్రిలో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేముందు "నాకు బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గే ఆపరేషన్) అయింది, థయమిన్ ముందు ఇవ్వండి" అని చెప్పాలి. థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమించవచ్చు. ఇంట్లోవాళ్లకు కూడా ఈ ఒక్క మాట నేర్పి పెట్టండి.

తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో గుండెదడ, చెమట, కడుపులో మెలిపెట్టడం, విరేచనం అయితే అది తొలి డంపింగ్. తీపి, పండ్ల రసం, తింటూ తాగిన ద్రవం కారణం. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వణుకు, కళ్లు చీకట్లు కమ్మడం వస్తే రక్తంలో చక్కెర పడిపోయినట్టు. అప్పటికి కొద్దిగా గ్లూకోజ్ తీసుకుని, వెంటనే కాస్త ప్రొటీన్ తినాలి. ప్రతిసారీ తీపితోనే సరిపెడితే గంట తర్వాత మళ్లీ పడిపోతుంది. పదేపదే వస్తుంటే డాక్టర్‌కు చెప్పాలి.

మూడు నుంచి ఆరో నెల మధ్య జుట్టు రాలడం చాలామందికి ఉంటుంది, తిరిగి మొలుస్తుంది. ఏడాది దాటాక రాలుతుంటే ఐరన్, జింక్, ప్రొటీన్ చూడాలి. పేగు పొడవు మార్చిన రకాల్లో నూనె తేలే దుర్వాసన విరేచనాలకు ముందు కొవ్వు తగ్గించి చూడండి. పాదాల వాపు కనబడితే మాత్రం అది ప్రొటీన్ లోటు కావచ్చు, ఆలస్యం చేయకండి.

మద్యం బైపాస్ తర్వాత త్వరగా ఎక్కుతుంది, ఎక్కువసేపు ఉంటుంది, అలవాటుగా మారే ప్రమాదమూ పెరుగుతుంది. తిండితో తీరిన లోటు మద్యంతో తీర్చుకోవడం మొదలైతే ముందు మానసిక వైద్యుణ్ని కలవాలి, డైటీషియన్‌ను తర్వాత.

బరువు మళ్లీ కదిలితే

అతి తక్కువకు చేరిన బరువు నుంచి మూడు కిలోలు పెరిగి, నెలపాటు దిగకపోతే అప్పుడే కదలండి, పదిహేను కిలోలదాకా ఆగొద్దు. వారం రోజుల తిండి పుస్తకం మళ్లీ తెరవండి. చూసే వరస ఇది. ముందు ద్రవ కెలోరీలు, అంటే రసాలు, తీపి కాఫీ, మద్యం. తర్వాత టైమ్ కాని చిరుతిళ్లు. ఆ తర్వాత ప్రొటీన్ ఎన్ని గ్రాములు అందుతోందో, తింటూ నీళ్లు తాగుతున్నారేమో. నిద్ర, కొత్తగా మొదలైన మందులు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా పెరుగుతుంటే ఎండోస్కోపీ. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి మందులను సర్జరీ తర్వాత పెరిగిన బరువుకు ఇప్పుడు డాక్టర్లు వాడుతున్నారు. అవి ఆకలిని తగ్గిస్తాయి కాబట్టి ప్రొటీన్, నీళ్ల లెక్క ఇంకా గట్టిగా పట్టుకోవాల్సి ఉంటుంది.

రక్తపరీక్షలు మొదటి ఏడాదిలో 3, 6, 12 నెలలకు, తర్వాత ఏటా, జీవితాంతం. హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్, విటమిన్ డి, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) తప్పనిసరి. డ్యుయోడినల్ స్విచ్, సాడీ వాళ్లకు విటమిన్ ఎ, జింక్, కాపర్ కూడా. పిల్లలు కావాలనుకునే స్త్రీలు 12 నుంచి 18 నెలలు ఆగాలి. పేగు దాటవేసిన ఆపరేషన్లలో గర్భనిరోధక మాత్రలు పూర్తిగా ఒంటికి పట్టకపోవచ్చు కాబట్టి ఆ నెలల్లో వేరే పద్ధతి అడిగి తీసుకోండి. గర్భం నిలిచాక మామూలుగా ఇచ్చే గ్లూకోజ్ తాగించే షుగర్ పరీక్ష డంపింగ్ తెప్పించవచ్చు. దానికి బదులు వారం పాటు ఇంట్లో వేలి రక్తంతో చూడమని డాక్టర్‌ను ముందే అడగండి.